ఫ్రేముకు పౌడరా, పెయింటా? గట్టిదనం ఒక్కటే చూస్తే చాలదు

పాత సైకిలు ఫ్రేముకు మళ్లీ రంగు వేయించాలని అనుకోగానే అందరూ చెప్పే సలహా ఒకటే: "పౌడర్ కోటింగ్ చేయించెయ్, గట్టిగా ఉంటుంది." ఆ మాటలో అబద్ధం లేదు. సరిగ్గా పడిన పౌడర్ పూత మామూలు పెయింటు కంటే దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది. తాళం గొలుసు తగిలినా, గోడకు ఆనించినప్పుడు ఒరుసుకున్నా, చక్రం ఎగజిమ్మిన కంకర తగిలినా అంత తొందరగా పెచ్చు లేవదు. అయినా సరే, గట్టిదనాన్ని చూసి మాత్రమే పూతను ఎంచుకోకూడదని నా వాదన. ఎంత గట్టి పూతైనా ఏదో ఒక రోజు ఎక్కడో ఒకచోట పగులుతుంది. అప్పుడు ఆ పగులు మన కంటికి కనిపిస్తుందా, దాన్ని మనం బాగుచేసుకోగలమా అన్నదే నా లెక్కలో అసలు ప్రశ్న. అలా చూస్తే చాలా ఫ్రేములకు, ముఖ్యంగా ఇష్టపడి దాచుకున్న స్టీలు ఫ్రేములకు, పెయింటే మేలు.

ముందు ఈ రెండూ ఎలా పనిచేస్తాయో చూద్దాం. రెజిన్, రంగు, గట్టిపడేందుకు కావలసిన రసాయనం కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా నూరితే వచ్చే పొడే పౌడర్. 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన, వేడి చేసిన లోహాన్ని గాలితో పైకి లేపిన ప్లాస్టిక్ పొడిలో ముంచి పూత పట్టించే పద్ధతిని తయారుచేశాడు. గన్‌తో చల్లే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు గన్ దగ్గర పదుల వేల వోల్టులతో పొడికి చార్జ్ ఎక్కిస్తారు, ఫ్రేమును ఎర్త్ చేసి వేలాడదీస్తారు. పొడి తనంతట తానే లోహానికి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెట్టి, లోహం దాదాపు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక 10 నుంచి 20 నిమిషాలు ఉంచితే పొడి కరిగి, పరుచుకుని, ఒకే పొరగా బిగుసుకుంటుంది. థిన్నర్ గొడవ లేదు, కింద రాలిన పొడిని మళ్లీ వాడుకోవచ్చు, చల్లారిన రోజే సామాన్లు బిగించుకోవచ్చు. పెయింటుకు లేని సుఖాలివి.

పెయింటులో పొరలన్నీ ద్రవమే. లోహాన్ని పట్టుకునే అడుగు పొర ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రంగు, దాని మీద రంగులేని క్లియర్ కోట్. మంచి పెయింటరు వాడే క్లియర్ కోట్ హార్డెనర్ కలిపిన పాలీయురిథేన్. పనివాళ్లు దాన్ని టూ-కే అంటారు. అది ఊరికే ఆరదు, రసాయన చర్యతో గట్టిపడుతుంది. డబ్బాతో కొట్టే మామూలు స్ప్రే రంగు అలా కాదు, థిన్నర్ ఎగిరిపోతే మిగిలే పొర అది. పెట్రోలు గుడ్డ తగిలితే చాలు, రంగు గుడ్డకు అంటుకు వస్తుంది. పౌడర్ ముందు పెయింటు ఎందుకూ పనికిరాదనే వాళ్లు చాలామంది ఈ డబ్బా రంగును మనసులో పెట్టుకునే మాట్లాడతారు. పోల్చాల్సింది టూ-కేతో. పౌడర్‌కూ టూ-కేకూ ఉన్న తేడా జనం అనుకున్నంత పెద్దది కాదు.

ఇక పాడయ్యే తీరు. ఓసారి నా దగ్గరికి ఒక స్టీలు ఫ్రేము వచ్చింది. నల్లటి పౌడర్ కోటింగ్, దూరం నుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. వెనక చక్రం నట్టు బిగించే చోట, డ్రాపౌట్ అంచున, వెంట్రుకంత సన్నటి పగులు ఉంది. దాని చుట్టూ కొంచెం గోధుమరంగు మరక. గోరు పెట్టి ఎత్తితే పూత చిన్న ముక్కగా ఊడలేదు, చైన్‌స్టే, అంటే పెడళ్ల దగ్గరి నుంచి వెనక చక్రానికి వెళ్లే కింది గొట్టం, వెంబడి వేలు పొడవున పట్టీలా లేచి వచ్చింది. కింద లోహమంతా ఎర్రబారి ఉంది. తుప్పు దారలు ఆకు ఈనెల్లా చీలుతూ, పూత ఇంకా నిగనిగలాడుతున్న చోట కిందికి కూడా పాకిపోయాయి. పట్టీ లోపలి వైపు తిప్పి చూస్తే తుప్పు ముద్రలు అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం.

ఇందులో తప్పు పౌడర్ అనే పదార్థానిది కాదు. ఆ ఫ్రేమును బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి ఒత్తిడితో గరుకు గింజలు కొట్టి శుభ్రం చేసి, పూతకు పట్టునిచ్చే ఫాస్ఫేట్ ట్రీట్‌మెంట్ లేకుండా, ప్రైమర్ లేకుండా, నేరుగా ఒక్క కోటు రంగు పౌడర్ కొట్టి ఓవెన్‌లో పెట్టేశారు. బ్లాస్టింగ్ అయిన స్టీలుకు తేమగాలి తగిలితే గంటల్లోనే సన్నటి తుప్పు పొర పుడుతుంది. దాని మీద వేసిన పూతకు పట్టు ఉండదు. జింక్ ఫాస్ఫేట్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ పౌడర్ వేసి, దాని మీద పాలియెస్టర్ రంగు వేస్తే అదే ఫ్రేము చాలా ఏళ్లు నిలబడేది. కానీ పౌడర్ కోటింగ్ చేసేవాళ్లలో ఎక్కువమంది రోజూ చేసేది గేట్లు, గ్రిల్సు, కుర్చీలు. వాటికి ఒక్క కోటు చాలు. ఫ్రేము తీసుకెళ్లి ఇస్తే అది కూడా ఆ గేట్ల పక్కనే అదే కొక్కేనికి వేలాడుతుంది. అడగకపోతే ప్రైమర్ పడదు.

ప్రైమర్ లేని పెయింటు కూడా తుప్పు పడుతుంది, అందులో సందేహం లేదు. అయితే అది పాడైతే వెంటనే తెలిసిపోతుంది. పొక్కులు లేస్తాయి, పెచ్చులూడతాయి, మరక పైకి వస్తుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టే మనం పట్టించుకుంటాం. పౌడర్ పొర మందంగా, సాగే గుణంతో ఉంటుంది కనుక కింద పట్టు వదిలేసినా పైన చెక్కుచెదరకుండా కూర్చుంటుంది. సన్నటి ట్యూబులున్న సైకిలుకు కనిపించని తుప్పు కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

బాగుచేసే సంగతికి వస్తే తేడా ఇంకా స్పష్టం. పెయింటు గీరుకుపోతే ఆ చుట్టూ ఎమరీతో అంచులు దించి, ప్రైమర్ వేసి, రంగు వేసి, క్లియర్‌తో కలిపేయవచ్చు. చేయి తిరిగినవాళ్లు చేస్తే అతుకు వెతికినా దొరకదు. మామూలు చేత్తో చేసినా కనీసం తుప్పు ఆగుతుంది. పౌడర్‌ను అలా ముక్కలో కలపడం కుదరదు. టచప్ పెయింటు చుక్క పెట్టి నీళ్లు పోకుండా ఆపవచ్చు గానీ అది అతుకులానే కనబడుతుంది. నున్నగా కావాలంటే మొత్తం ఊడదీసి మళ్లీ వేయాల్సిందే.

ఆ ఊడదీయడంలోనే ఫ్రేముకు అసలు దెబ్బ తగులుతుంది. పౌడర్ పొరకు సాగుడు గుణం ఉండటంతో బ్లాస్టింగ్ గింజలు దాని మీద పడి ఎగిరిపోతుంటాయి. ఊడట్లేదని పనివాడు ప్రెషర్ పెంచుతాడు, లేదా గరుకు గింజలు వేస్తాడు. మంచి స్టీలు ఫ్రేముల ట్యూబులు బట్టెడ్ రకం. అంటే చివర్లలో 0.8 మిల్లీమీటర్లు ఉంటే మధ్యలో 0.5 మిల్లీమీటర్లే ఉండవచ్చు. 1935లో వచ్చిన రేనాల్డ్స్ 531 స్టీలు ట్యూబుల్లాంటి వాటితో కట్టిన తేలికైన ఫ్రేముల రహస్యం ఈ పల్చదనమే. అర మిల్లీమీటరు గోడ మీద ఎక్కువ ప్రెషర్‌తో గరుకు ఇసుక కొడితే లోహం అరుగుతుంది, కొన్నిచోట్ల సొట్టలు కూడా పడతాయి. గాజుపూసలు, ప్లాస్టిక్ గింజలతో తక్కువ ప్రెషర్‌లో చేయాలి. అల్యూమినియం ఫ్రేమైతే ఇనుప గింజలు వాడనే కూడదు. వాటి రేణువులు లోహంలో దిగబడి, తర్వాత అక్కడి నుంచే తినేయడం మొదలవుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి ఉంచుకుని, మధ్యలో ఒకటి రెండుసార్లు రంగు మార్చే ఉద్దేశం ఉన్న ఫ్రేముకు పౌడర్ వేయించే ముందు, దాన్ని మళ్లీ తీయాల్సిన రోజు గురించి కూడా ఆలోచించాలి.

ఓవెన్ వేడి గురించి జనంలో ఉన్న భయాలు కొన్ని నిజం, కొన్ని ఉత్తుత్తివి. స్టీలుకు 200 డిగ్రీలు లెక్కలోనిది కాదు. ట్యూబులు కలిసే చోట తొడిగే లగ్గులనే తొడుగులను అతికించిన వెండి బ్రేజింగ్ (కరిగించి పోసిన అతుకు లోహం) కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి, ఇత్తడికైతే 900 దగ్గరికి వెళ్లాలి. అల్యూమినియం దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. 6061-టీ6 లాంటి మిశ్రమానికి బలం వచ్చేదే 160, 180 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఉంచి ఏజింగ్ చేయడం వల్ల. కోటింగ్ ఓవెన్‌లో ఇరవై నిమిషాలతో పెద్ద నష్టం జరగదు, ఫ్యాక్టరీల్లో అల్యూమినియం ఫ్రేములకు పౌడర్ వేయడం మామూలే. కానీ ఓవెన్ లెక్క తప్పి వేడెక్కితే, లేదా సరిగ్గా రాలేదని అదే ఫ్రేమును మళ్లీ మళ్లీ కాలిస్తే బలం తగ్గుతూ పోతుంది. ఇంతకంటే ఘోరం, పాత పూతను కాల్చి తీసే బర్న్-ఆఫ్ ఓవెన్. అందులో వేడి 400 డిగ్రీల దాకా వెళ్తుంది. అల్యూమినియం ఫ్రేము అందులోకి వెళ్లి వస్తే ఇక నమ్మి ఎక్కడానికి పనికిరాదు. పైకి చూస్తే మార్పేమీ కనబడదు, అదే భయం. ఫ్రేము ఇచ్చేటప్పుడే ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

కార్బన్ ఫ్రేముకు మామూలు పౌడర్ ఊసే వద్దు. ఆ వేడికి రెజిన్ మెత్తబడుతుంది, జిగురుతో అతికిన జాయింట్లు వదిలేస్తాయి. దానికి చేత్తో ఎమరీ పట్టి, పెయింటు వేయడమొక్కటే దారి. రంగు తీసే కెమికల్ కూడా వాడకూడదు, అది రెజిన్‌ను కూడా తింటుంది. అల్యూమినియం ఫ్రేముకు కార్బన్ స్టేలు (వెనక చక్రాన్ని పట్టే గొట్టాలు) అతికించిన రకాలు కొన్ని ఉంటాయి. వాటికీ ఇదే వర్తిస్తుంది.

మందం సంగతి చాలామంది పట్టించుకోరు. నా మట్టుకు నాకు అదీ ముఖ్యమే. ఒక పౌడర్ కోటు సుమారు 60 నుంచి 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ పౌడర్‌వే అయితే 200 మైక్రాన్లు దాటడం తేలిక. పెయింటులో మూడు పొరలూ కలిపి 100 మైక్రాన్ల చుట్టుపక్కలే ఉంటాయి. అంకెల్లో చూస్తే చిన్న తేడాలా ఉంది, ఫ్రేము మీద చూస్తే తెలుస్తుంది. పాత ఫ్రేముల్లో లగ్గుల అంచులను ఎవరో ఓపిగ్గా ఆకురాయితో చెక్కి, మొనలు తేల్చి ఉంటారు. మందపు పౌడర్ కింద ఆ అంచులు మొద్దుబారి, లగ్గు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ కింద గుద్దిన సీరియల్ నంబరు పూడిపోయి చదవరాకుండా అవుతుంది. దొంగతనం జరిగితే ఆ సైకిలు మనదని చెప్పుకోవడానికి ఉన్న ఆధారం అదే. పూత ఏదైనా, ఇచ్చే ముందు ఆ నంబరుకు ఫొటో తీసి పెట్టుకోండి.

బరువు గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం ఒక లెక్క. ఫోర్కుతో కలిపి మామూలు స్టీలు ఫ్రేము ఉపరితలం చదరపు మీటరులో మూడో వంతు ఉంటుంది. 100 మైక్రాన్ల పూత, దాని సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు అనుకుంటే మొత్తం 50 గ్రాములు. పొర రెట్టింపైతే 100 గ్రాములు. సీసాలో నాలుగు గుక్కల నీళ్లు తగ్గిస్తే సరిపోయే తేడా. బరువును చూసి నిర్ణయం తీసుకోవద్దు.

మాస్కింగ్ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. బాటమ్ బ్రాకెట్ షెల్ థ్రెడ్లలో పౌడర్ పడి ఓవెన్‌లో బిగుసుకుంటే, అందులో బిగించాల్సిన బేరింగ్ కప్పు రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అప్పుడు థ్రెడ్లు శుభ్రం చేసే ట్యాప్ పనిముట్టు పెట్టి తిప్పుతుంటే రంగు పూత సన్నటి చుట్టలుగా రాలుతుంది, ప్రతి అర చుట్టుకూ వెనక్కి తిప్పి చుట్టలు దులపాలి, నూనె వేయాలి. ఆత్రంగా రెంచితో బలం పెట్టి కప్పునే దూర్చబోతే అడ్డంగా ఎక్కి థ్రెడ్లు పోతాయి. థ్రెడ్లు పోతే బాగుచేయించడం పెద్ద తలనొప్పి. హెడ్ ట్యూబ్ లోపల బేరింగ్ కప్పులు కూర్చునే చోట, సీట్ ట్యూబ్ లోపల, బ్రేకులు బిగించే బాసుల మీద, డిస్క్ బ్రేక్ మౌంట్ల మీద, గేర్లు మార్చే డిరైలర్‌ను బిగించే హ్యాంగర్ థ్రెడ్లలో, బాటిల్ బోల్టు రంధ్రాల్లో పూత ఉండకూడదు. 27.2 మిల్లీమీటర్ల సీటు పోస్టు దూరాల్సిన ట్యూబులో అటూ ఇటూ 100 మైక్రాన్లు చేరితే పోస్టు దిగదు.

డ్రాపౌట్ ముఖాల గురించి విడిగా చెప్పాలి. చక్రం నట్టు లేదా క్విక్ రిలీజ్ (చేత్తో మీట తిప్పి బిగించేది) బిగిసేది ఆ ముఖాల మీదే. అక్కడ మందపు పూత ఉంటే బిగింపు కింద అది నలుగుతుంది, నలిగిన కొద్దీ బిగింపు సడలుతుంది. ఇవాళ గట్టిగా బిగించిన చక్రం కొన్నాళ్లకు వదులుగా ఉంటుంది. ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. అక్కడ లోహం బయటికే ఉండనివ్వండి, గ్రీజు రాసుకుంటే చాలు.

గన్‌తో పౌడర్ చల్లేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. చార్జ్ ఎప్పుడూ బయటి అంచుల మీదికే పోతుంది కనుక పొడి లోతైన మూలల్లోకి వెళ్లదు. చైన్‌స్టేలు రెండూ బాటమ్ బ్రాకెట్‌ను కలిసే సందు చూడండి. బురద, నీళ్లు ఎక్కువసేపు నిలిచేది అక్కడే, పౌడర్ పల్చగా పడేదీ అక్కడే. ఇక కరిగేటప్పుడు పదునైన అంచుల నుంచి పూత వెనక్కి జరుగుతుంది, అందుకే డ్రాపౌట్ అంచుల్లో పగుళ్లు ముందు వస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు వోల్టేజీ తగ్గించి, ఆ మూలలు ముందు కొట్టి, తర్వాత మిగతాది కొడతారు. పెయింటరుకు ఈ బాధ లేదు, గన్ ఎటు తిప్పితే అటు రంగు పడుతుంది.

ఇంత చెప్పాక కూడా పౌడర్ వద్దని అనను. రోజూ తిరిగే, ఎండకూ వానకూ బయటే ఉండే, వెల్డింగ్ చేసిన స్టీలు ఫ్రేముకు ఒకే రంగు చాలనుకుంటే పౌడర్ వేయించండి. పిల్లల సైకిళ్లకు, బరువులు మోసే సైకిళ్లకు అది చక్కగా సరిపోతుంది. ఎండలో ఉండేదానికి పై కోటు పాలియెస్టర్ అయి ఉండాలి. ఎపాక్సీ ఒక్కటే వేస్తే ఎండకు సుద్దలా తెల్లబారిపోతుంది.

పెయింటు వైపు మాట్లాడాను కదా అని ఎవరూ ఇంట్లో టూ-కే స్ప్రే మొదలుపెట్టొద్దు. ఇది నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పడకపోతే ఉబ్బసం వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు, అది జీవితాంతం ఉండిపోవచ్చు. వాసన వచ్చాక తప్పుకుందాంలే అనుకోవడం కుదరదు, వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. దానికి బూత్ ఉండాలి, బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు ఉండాలి. అవి ఉన్న పెయింటరుకే ఇవ్వండి. అలాంటి పెయింటరు దొరకని చోట, ప్రైమర్ వేసే పౌడర్ కోటర్ దొరికితే నేను కూడా పౌడర్‌కే ఓటేస్తాను.

రెండూ కలిపే పద్ధతి కూడా ఉంది. అడుగున ఎపాక్సీ పౌడర్ ప్రైమర్, దాన్ని ఎమరీతో గరుకు చేసి పైన పెయింటు రంగు, డెకాల్స్ (పేరు, బొమ్మల స్టిక్కర్లు), క్లియర్. చేతి తయారీ ఫ్రేములు కట్టేవాళ్లలో కొందరు ఇలా చేస్తారు. డెకాల్స్ ఓవెన్ వేడిని తట్టుకోవాల్సిన పని ఉండదు, పై పొరల్ని టచప్ చేసుకోవచ్చు. శ్రమ ఎక్కువ, కానీ ఉంచుకోదలచిన ఫ్రేముకు నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి దారి లేదు.

పాత ఫ్రేము మీద ఫ్యాక్టరీ రంగు, చేత్తో గీసిన సన్నటి గీతలు ఇంకా చాలావరకు మిగిలి ఉంటే మాత్రం దేనికీ ఇవ్వకండి. తుడిచి, తుప్పు చుక్కలు తీసి, ఆ చుక్కల మేరకే టచప్ చేసి వాడుకోండి. ఆ గీతలు మళ్లీ రావు.

ఇచ్చేటట్టయితే ఫ్రేమును పూర్తిగా విప్పి ఇవ్వండి. హెడ్‌సెట్ కప్పులు, బాటమ్ బ్రాకెట్, బోల్టులు, ప్లాస్టిక్ కేబుల్ గైడ్లు ఏవీ ఉండకూడదు. ట్యూబుల లోపల తుప్పు పట్టకుండా ఎప్పుడో కొట్టిన మైనం, నూనె ఉంటే ముందుగా కడిగించండి. లేకపోతే ఓవెన్‌లో అది కరిగి సన్నటి గాలిరంధ్రాల్లోంచి కారి, పూత మీద బుడగలు లేపుతుంది. లోపలి మైనం మళ్లీ కొట్టుకోవాల్సింది పూత అయ్యాకే. పెయింటైతే ముట్టుకుంటే అంటనంత ఆరినా పూర్తిగా గట్టిపడటానికి వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా సీటు క్లాంపు బిగించకుండా ఆగండి. ఇక పౌడర్ వేసే ఆయన్ను మూడు ప్రశ్నలు అడగండి: బ్లాస్టింగ్‌కు ఏ గింజలు, ఎంత ప్రెషర్ వాడతారు? ఫాస్ఫేట్, ప్రైమర్ వేస్తారా? థ్రెడ్లకు సిలికాన్ ప్లగ్గులు ఉన్నాయా? మూడింట్లో ఏ ఒక్కదానికైనా "అవన్నీ అక్కర్లేదండీ" అని జవాబు వస్తే ఫ్రేము అక్కడ వదలకుండా వెనక్కి తెచ్చేసుకోండి.